సున్నం ఉడికితే వేడి ఎంత? రెండు పేపరు కప్పులతో కొలిచే పద్ధతి

పొడి సున్నం మీద నీళ్లు పడితే ఉడుకుతుందని ఒంగోలు పక్క మా కొత్తపట్నం తీరంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ వేడి ఎంత, ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే మాత్రం పదో తరగతి పిల్లలు కూడా తడుముకుంటారు. కొందరు "నీళ్లలోంచి టీచర్" అంటారు, కొందరు "ఉష్ణమోచక చర్య టీచర్" అని, వేడిని బయటికి ఇచ్చే చర్యకి పుస్తకంలో ఉన్న పేరు చెప్పేసి కూర్చుంటారు. ఆ పేరుతో నాకు పేచీ లేదు. కానీ వేడిని చేత్తో పట్టుకుని చూసి, అంకెగా రాసి, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతికిన పిల్లవాడికి ఆ పేరు మళ్లీ బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

నేను ఈ వైపు ప్రభుత్వ పాఠశాలల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా అమ్మ పుట్టింటివాళ్లు గుల్ల సున్నం కాల్చినవాళ్లు. ఏరుకొచ్చిన గుల్లల్ని బొగ్గుతో కలిపి బట్టీలో పేర్చి, మంట దిగే దాకా కాపలా కాసేవాళ్లు. అందుకే ఈ పాఠం వచ్చినప్పుడల్లా నేను సున్నం దగ్గరికే వస్తాను. అయితే ప్రయోగం మొదలుపెట్టేది సున్నంతో కాదు. అది కాలుతుంది, కంట్లో పడితే చూపే పోతుంది. ముందు చల్లబడే వాటితో చేయి కుదరాలి.

ముందు సరంజామా

పెద్ద సైజు పేపరు కప్పులు రెండు తీసుకుని ఒకదానిలో ఒకటి దించండి. రెండింటి మధ్య చిక్కుకున్న గాలి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు, లోపలికీ రానివ్వదు. కప్పు ఒరిగిపోకుండా దాన్ని ఒక చెంబులో నిలబెట్టండి. పైన అట్టముక్క మూత, దానికి థర్మామీటరు పట్టేంత బొక్క. మన కెలోరీమీటర్, అంటే వేడిని కొలిచే పాత్ర, అంతే. స్టీలు గ్లాసులో నేరుగా చేద్దామని కొందరు అంటారు, వద్దు. లోహం తనే కొంత వేడి తీసుకుంటుంది, మిగతాది గాలికి ఇచ్చేస్తుంది, లెక్క చెడుతుంది.

థర్మామీటరు విషయంలో జాగ్రత్త. జ్వరం చూసేది పనికిరాదు, అది 35 నుంచి 42 సెల్సియస్ డిగ్రీల మధ్యే చూపిస్తుంది. బడిలో ఉండే ల్యాబ్ థర్మామీటరు కావాలి, మైనస్ 10 నుంచి 110 దాకా గీతలున్నది. లోపల ఎర్ర ద్రవం ఉన్నదైతే మంచిది. పిల్లల చేతికి పాదరసం ఉన్నది ఇవ్వకండి, పగిలితే ఆ బొట్లు ఏరడం ఎవరి తరమూ కాదు. థర్మామీటరుతో కలియబెట్టొద్దు, కింద గుండు పుటుక్కుమంటుంది. కలపడానికి ఐస్‌క్రీం పుల్ల చాలు.

గ్రాముల్లో తూచే చిన్న కిచెన్ స్కేలు ఒకటి, గ్రాఫ్ కాగితం, సెకన్లు చూపే గడియారం. నీళ్లు కొలవడానికి కొలజాడీ లేకపోయినా ఫర్వాలేదు. 100 మిల్లీలీటర్ల నీళ్లు 100 గ్రాములు తూగుతాయి, స్కేలు మీదే తూచుకోండి.

నీళ్లు మాత్రం ముందురోజు రాత్రే ప్రయోగం చేసే గదిలో పెట్టండి. కుండనీళ్లు గదికన్నా చల్లగా ఉంటాయి. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. మొదలుపెట్టేటప్పుడు నీళ్లూ గదీ ఒకే వేడిమి మీద ఉంటేనే తర్వాత వచ్చిన మార్పు అంతా చర్యదే అని చెప్పగలం. రోహిణి కార్తె మధ్యాహ్నం రేకుల గదిలో ఈ పని పెట్టుకోవద్దు, చల్లబడాల్సిన కప్పులోకి చుట్టుపక్కల వేడి దూరిపోతూనే ఉంటుంది. పొద్దున ఆరు, ఏడు గంటల వేళ, ఫ్యాను ఆపేసి చేయండి.

యూరియాతో మొదలు

మన రైతుల ఇళ్లల్లో యూరియా బస్తా వెతుక్కోవాల్సిన వస్తువు కాదు. 20 గ్రాములు తూచి కాగితంలో పెట్టుకోండి. కప్పులో 100 గ్రాముల నీళ్లు పోసి, మూత పెట్టి, థర్మామీటరు దించి, అరనిమిషానికి ఒకసారి చూసి రాయండి. మూడు నిమిషాల పాటు ఏమీ వేయకుండా ఊరికే రాయాలి. పిల్లలకి ఇక్కడ ఓపిక చాలదు, "ఒకే అంకె వస్తా ఉంది గదా టీచర్, ఎందుకు?" అంటారు. ఎందుకో ఇంకాసేపట్లో తెలుస్తుంది, రాయించండి.

నాలుగో నిమిషంలో యూరియా మొత్తం ఒకేసారి వేసి, మూత పెట్టి, పుల్లతో కలుపుతూ ఉండండి. రాయడం ఆపొద్దు. పది నిమిషాల దాకా అరనిమిషానికో అంకె పడాలి. కప్పుకి చెయ్యి ఆనిస్తే చల్లదనం తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు గ్రాఫ్ గీయండి, అడ్డంగా కాలం, నిలువుగా ఉష్ణోగ్రత. మొదటి మూడు నిమిషాలు సమంగా ఒక గీత. తర్వాత ఒక్కసారిగా కిందికి జారుతుంది. అట్టడుగుకి వెళ్లాక మెల్లిగా పైకి లేవడం మొదలవుతుంది, ఎందుకంటే చల్లబడిన కప్పులోకి గది వేడి ఎక్కుతోంది. ఇక్కడే ఎక్కువ మంది పొరపడతారు. అట్టడుగు అంకెనే తీసుకుని లెక్క కట్టేస్తారు. కానీ యూరియా కరగడానికి పట్టిన ఆ నిమిషం, రెండు నిమిషాల్లో కూడా గది వేడి దొంగచాటుగా లోపలికి వస్తూనే ఉంది. అందుకని మెల్లిగా లేచే ఆ చివరి గీతని స్కేలుతో వెనక్కి, నాలుగో నిమిషం దాకా పొడిగించండి. మొదటి సమగీతని ముందుకి, అదే నాలుగో నిమిషం దాకా పొడిగించండి. ఆ నిలువు గీత మీద రెండింటి మధ్య ఎంత దూరముందో అదే అసలు మార్పు. వేడి ఏమాత్రం దూరకుండా, యూరియా రెప్పపాటులో కరిగి ఉంటే ఎంత పడిపోయేదో ఆ అంకె మనకి దొరికినట్టు. ఊరికే రాయించిన మూడు నిమిషాలు ఇందుకే.

ఆ తేడా 10 డిగ్రీల దగ్గర ఉండాలి. కొద్దిగా తక్కువ వచ్చినా తప్పు చేసినట్టు కాదు. లెక్క ఇది: కప్పులో ఉన్న మొత్తం బరువుని 4.18తో, దాన్ని ఉష్ణోగ్రత తేడాతో గుణించాలి. ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి కావాల్సింది 4.18 జౌళ్లు. మన కప్పులో 120 గ్రాములున్నాయి, 10 డిగ్రీలు తగ్గింది అనుకుంటే 5,016 జౌళ్లు, అంటే సుమారు 5 కిలోజౌళ్లు. మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టడానికి వాడే కొలత, యూరియా ఒక మోల్ 60 గ్రాములు. మనం వేసింది 20 గ్రాములు, మూడో వంతు. మోల్‌కి 15 కిలోజౌళ్లు అయింది. పెద్ద ల్యాబులు చెప్పే అంకె కూడా దీనికి దగ్గరే.

గుర్తు దగ్గర ఆగండి. ఇది ప్లస్సా, మైనస్సా? చల్లబడింది కాబట్టి మైనస్ అని తరగతిలో సగం మంది రాస్తారు. చల్లబడ్డది నీళ్లు. నీళ్లు పోగొట్టుకున్న వేడిని తీసుకున్నది యూరియా. మనం రాస్తున్నది యూరియా పక్షాన, దానికి వేడి చేరింది, కాబట్టి ప్లస్ 15. సున్నం వేడిని బయటికి ఇస్తుంది, దానికి మైనస్. థర్మామీటరు నీళ్ల సంగతి చెబుతుంది, గుర్తు చర్య సంగతి చెబుతుంది. ఈ ఒక్క మాట బోర్డు మీద రాసి చెరపకుండా ఉంచండి.

అదే పూట ఇంకొకటి కూడా చేయించండి. 50 గ్రాముల నీళ్లలో 10 గ్రాముల యూరియా. థర్మామీటరు దాదాపు ముందంతే పడుతుంది, కానీ కదిలిన వేడి సగమే. ఉష్ణోగ్రత వేరు, ఉష్ణం వేరు అని గంట సేపు చెప్పినా ఎక్కనిది, ఈ రెండు కప్పులు పక్కపక్కన పెడితే ఎక్కుతుంది.

యూరియా కరగడం నిజానికి రసాయన చర్య కాదు, నీళ్లు ఎండిపోతే మళ్లీ యూరియానే మిగులుతుంది. చేయి కుదరడానికి పెట్టుకున్నాం. కళాయి పూతవాళ్లు వాడే నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) దొరికినా ఇలాగే చేయొచ్చు, 100 గ్రాముల నీళ్లకి 10 గ్రాములు వేస్తే ఆరు డిగ్రీల దాకా పడుతుంది.

నిమ్మరసం, తినే సోడా

ఇది అసలు చర్య. నిమ్మకాయలతో నిండే గూడూరు, పొదలకూరు మార్కెట్లు మాకు మరీ దూరం కాదు కాబట్టి రసానికి కొదవ లేదు. ధర మండే నెలల్లో మాత్రం కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కొనుక్కోండి, 100 గ్రాముల నీళ్లకి 5 గ్రాములు. అయితే నిమ్మ ఉప్పు కరిగేటప్పుడు తనే కొంత చల్లబరుస్తుంది. కరిగించి, గది వేడిమికి వచ్చే దాకా వదిలేసి, అప్పుడు మొదలుపెట్టండి.

100 గ్రాముల రసంలోకి 5 గ్రాముల తినే సోడా చిటికెడు చిటికెడుగా వేయాలి. ఒకేసారి వేస్తే నురగ పొంగి కప్పు దాటుతుంది, దాంతో పాటు లెక్కా పోతుంది. మూత బిగించొద్దు, గ్యాసు పోవడానికి దారి ఉండాలి. గ్రాఫ్ పద్ధతి ముందు చెప్పినదే. నాలుగు డిగ్రీల చుట్టుపక్కల పడుతుంది. 105 గ్రాములు, 4.18, 4 డిగ్రీలు గుణిస్తే సుమారు 1,756 జౌళ్లు. సోడా మోల్ 84 గ్రాములు, మోల్ లెక్కన 29, 30 కిలోజౌళ్లు, ప్లస్ గుర్తుతో. ఒక డిగ్రీ గీతలున్న థర్మామీటరుతో నాలుగు డిగ్రీలు చదివేటప్పుడు అర డిగ్రీ తప్పినా మోల్ లెక్కలో మూడు, నాలుగు కిలోజౌళ్లు మారిపోతాయి. అంకె సరిగ్గా రాలేదని పిల్లల్ని కోప్పడకండి, ఎందుకు మారిందో అడగండి.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. వేడి తీసుకునే చర్య తనంతట తను ఎలా జరుగుతుంది, పొయ్యి మీద పెట్టలేదు కదా? మంచి ప్రశ్న, దాటేయొద్దు. ఏ చర్య జరుగుతుందో తేల్చేది వేడి ఒక్కటే కాదు. గట్టిగా పలుకుల్లో ఇరుక్కున్న సోడా నుంచి కార్బన్ డయాక్సైడ్ గ్యాసై, గదంతా పరుచుకుంటోంది. అణువులు అలా చెదిరి విస్తరించే వీలు కూడా చర్యని ముందుకి నడుపుతుంది. దాన్ని ఎంట్రోపీ అంటారని ఇంటర్‌లో చదువుకుంటారు. పదో తరగతికి ఈ మాత్రం చాలు.

ఇప్పుడు సున్నం

ఇది పెద్దవాళ్లు చేయాలి, పిల్లలు దూరంగా నిలబడి చూసి రాయాలి. కళ్లద్దాలు, చేతులకి రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. కంట్లో సున్నం పడితే వెన్న, చనుబాలు అంటూ వెతకొద్దు, నలపొద్దు. ధారగా మంచినీళ్లతో కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు కడుగుతూ, ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ మాట మా ఊరి వైపు రొయ్యల చెరువుల్లో సున్నం చల్లేవాళ్లకి కూడా ప్రతి ఏడూ చెబుతాను. చెమట పట్టిన ఒంటి మీద పొడి సున్నం పడితే అక్కడే ఉడుకుతుంది. గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, చేతులు నిండుగా కప్పుకుని చల్లాలి. కూలి డబ్బులు రెండు రోజులవి ఎక్కువ వస్తాయని కన్ను పణంగా పెట్టే పని కాదిది.

కప్పులో ముందు నీళ్లు, 100 గ్రాములు. సున్నాన్ని నలగ్గొట్టి 10 గ్రాములు తూచి, కొంచెం కొంచెంగా నీళ్లలోకి వేయాలి. ఎప్పుడూ సున్నం నీళ్లలోకే. గడ్డ మీద కాసిని నీళ్లు పోస్తే ఆ చోట నీళ్లు మరిగి, సున్నం ఎగిరి ముఖాన పడుతుంది. మూత బిగుతుగా ఉండే సీసాల్లో, గాజు పాత్రల్లో ఈ పని అసలు పెట్టుకోవద్దు. పుల్లతో కలుపుతూ, అరనిమిషానికోసారి అంకె రాయండి. ఈసారి గ్రాఫ్ ఎదురు తిరుగుతుంది, ఎగబాకి, తర్వాత మెల్లిగా దిగుతుంది. గీతని వెనక్కి పొడిగించే పద్ధతి అదే.

సున్నం పూర్తిగా పొడి సున్నమే అయితే, అంటే మొత్తం కాల్షియం ఆక్సైడే అయితే, సుమారు 25 డిగ్రీలు పెరగాలి. ఒక మోల్ 56 గ్రాములు, నీళ్లతో కలిసి తడి సున్నం అయ్యేటప్పుడు 65 కిలోజౌళ్లు బయటికి ఇస్తుంది. 10 గ్రాములకి 11.6 కిలోజౌళ్లు. 110 గ్రాముల ముద్దకి పంచితే 25 డిగ్రీలు. అడుగున పేరుకునే సున్నానికి నీళ్లంత వేడి పట్టదు కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది.

మీకు అంత రాకపోవచ్చు. 15 డిగ్రీలే పెరిగిందనుకోండి. 25కి 15, అంటే అందులో బతికి ఉన్న పొడి సున్నం అరవై శాతమే. మిగతాది ఇప్పటికే గాలిలో తేమ పీల్చి తడి సున్నమైపోయింది, కొంత కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మళ్లీ గుల్లలో ఉన్న పదార్థమే అయిపోయింది, కొంత బట్టీలోనే సరిగ్గా కాలలేదు. సముద్రం గాలి తగిలే చోట మూతి విప్పిన సున్నం బస్తా కొన్నాళ్లకే పిండి అయిపోవడం మా వైపు అందరూ చూసేదే. మా మేనమామ గడ్డని గోటితో గీకి, నీటి చుక్క వేసి, చిటపటని చెవితో విని "ఇది బాగుందిలే అమ్మాయ్" అనేవాడు. ఆయన చెవి పట్టుకున్నదాన్నే మన థర్మామీటరు అంకెగా రాస్తోంది. నిమ్మ తోటలకి తెగుళ్ల మందుగా, సున్నంతో చేసే బోర్డో మిశ్రమం కలిపే రైతులకీ, చెరువులకి సున్నం కొనేవాళ్లకీ ఈ పరీక్ష పనికొస్తుంది. బస్తా ధర ఒకటే అయినా లోపల సరుకు ఒకటి కాదు. రెండు షాపుల సున్నం చెరో 10 గ్రాములు తెచ్చి, రెండు కప్పుల్లో వేసి చూస్తే తేలిపోతుంది.

ఆ వేడి ఎక్కడిది?

నీళ్లది కాదు. సున్నంలో ఎవరో దాచింది. ఎవరు దాచారో తెలియాలంటే బట్టీ దగ్గరికి వెళ్లాలి.

గుల్ల అంటే దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేట్. 900 డిగ్రీల దాకా కాలిస్తే అది పొడి సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. 100 గ్రాముల గుల్లకి 56 గ్రాముల సున్నం మిగులుతుంది, 44 గ్రాములు గాలిలో కలుస్తుంది. అందుకే బట్టీలోంచి తీసిన గుల్ల ఆకారం అలాగే ఉన్నా చేతిలో తేలిపోతుంది. ఇలా విడిపోవడానికి మోల్‌కి 178 కిలోజౌళ్లు బయటి నుంచి ఇవ్వాలి. ఇచ్చేది బొగ్గు. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా మండితే 393.5 కిలోజౌళ్లు వస్తాయి. ఆ లెక్కన కిలో గుల్లని విడగొట్టడానికి 54 గ్రాముల కార్బన్ చాలాలి. నిజం బట్టీలో అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది. గుల్లని ముందు 900 డిగ్రీలకి తీసుకెళ్లాలి, పొగతో పాటు వేడి పోతుంది, గోడలు తాగేస్తాయి.

ఇప్పుడు మూడు మెట్లు పక్కపక్కన రాయండి. గుల్ల పొడి సున్నమైనప్పుడు ప్లస్ 178. పొడి సున్నం నీళ్లతో తడి సున్నమైనప్పుడు మైనస్ 65. ఆ తడి సున్నాన్ని గోడకి వేస్తే, అది గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చి, నీళ్లు వదిలేసి, మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. అప్పుడు మైనస్ 113. కూడండి. 65, 113 కలిపితే 178. సున్నా మిగిలింది. గుల్ల బొగ్గు దగ్గర చేసిన అప్పుని నీళ్లు తగిలినప్పుడు కొంత, గోడ మీద ఆరేటప్పుడు మిగతాది తీర్చేసి, మళ్లీ గుల్లగా మిగిలింది. పైసా ఎక్కువ కాదు, పైసా తక్కువ కాదు.

మూడో మెట్టుని మన కప్పులో కొలవలేం. గోడ గట్టిపడడానికి వారాలు పడుతుంది, వేడి వచ్చింది వచ్చినట్టే గాలిలో కలిసిపోతుంది, చెయ్యి పెట్టినా తెలియదు. అయినా 178, 65 తెలిస్తే 113 తీసివేతలోనే దొరికింది. కొలవలేని వేడిని కొలిచిన వాటి నుంచి రాబట్టే ఈ పద్ధతిని 1840లో జెర్మైన్ హెస్ చెప్పాడు. జెనీవాలో పుట్టి, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన రసాయనవేత్త. ఏ దారిన వెళ్లినా మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం ఉష్ణం ఒకటే అన్నది హెస్ నియమం. అంతకు ముందే 1782–83 చలికాలంలో పారిస్‌లో లవాయిజియే, లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలిద్దరూ మంచు ఎంత కరిగిందో తూచి చర్యల వేడిని కొలిచారు. వాళ్లకి మంచు, మనకి పేపరు కప్పులో నీళ్లు. పద్ధతి వెనకున్న ఆలోచన ఒకటే.

మూడో మెట్టు జరుగుతుందన్న సంగతి మాత్రం చూపించొచ్చు. ప్రయోగం అయిపోయిన సున్నం కప్పుని రాత్రంతా కప్పి ఉంచి, పైన తేరిన తేటనీళ్లని మెల్లిగా గ్లాసులోకి వంపండి. స్ట్రాతో అందులోకి ఊపిరి ఊదండి. ఊదడమే, పొరపాటున కూడా పీల్చకూడదు. నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ తెలుపు గుల్లలో ఉన్న పదార్థమే.

బంధాలు తెగితే శక్తి రాదు

ఇది వేరే శీర్షిక పెట్టి చెప్పాల్సినంత ముఖ్యం. "బంధం తెగినప్పుడు అందులో ఉన్న శక్తి బయటికి వస్తుంది" అని చాలా మంది చెబుతారు, ట్యూషన్ నోట్సుల్లో రాయిస్తారు కూడా. అది తలకిందుల మాట. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చు పెట్టాలి. కొత్త బంధం కలిసినప్పుడే శక్తి వస్తుంది. ఈ రెండింటి తేడానే మనం కప్పులో చదివేది.

అంకెలతో చూడండి. హైడ్రోజన్ అణువుని రెండు పరమాణువులుగా తెంచడానికి మోల్‌కి 436 కిలోజౌళ్లు. క్లోరిన్‌కి 242. మొత్తం ఖర్చు 678. అవి రెండు హైడ్రోజన్ క్లోరైడ్ అణువులుగా కలిసినప్పుడు ఒక్కో బంధానికి 431 చొప్పున 862 వస్తుంది. వచ్చింది ఎక్కువ, ఖర్చు తక్కువ, మిగిలిన 184 వేడిగా బయటపడుతుంది. మైనస్ 184. ఖర్చే ఎక్కువైతే ఆ లోటుని చుట్టూ ఉన్న నీళ్ల నుంచి లాక్కుంటుంది, నీళ్లు చల్లబడతాయి.

వంటగ్యాసు మంట ఇంత వేడి ఇస్తున్నా లైటరు కొట్టకపోతే ఎందుకు అంటుకోదు అన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ముందు కొన్ని బంధాలు సడలాలి, దానికి తొలి ఖర్చు కావాలి. దాన్ని ఉత్తేజన శక్తి అంటాం. నిప్పురవ్వ ఆ తొలి ఖర్చు పెడుతుంది, ఆ తర్వాత మంట తన వేడితోనే పక్క అణువుల ఖర్చు భరిస్తూ పోతుంది. సున్నానికి ఆ తొలి ఖర్చు చాలా చిన్నది, గది వేడిమే సరిపోతుంది. గుల్లకి అలా కాదు. తొలి నిప్పు అంటించి వదిలేస్తే చాలదు, కాలినంత సేపూ వేడి ఇస్తూనే ఉండాలి, ఎందుకంటే అక్కడ మొత్తం లెక్కే ప్లస్.

మైలుతుత్తంతో హెస్ నియమం

ఇంటర్ పిల్లలు, బడి ల్యాబు అందుబాటులో ఉన్నవాళ్లు దీన్ని తప్పక చేయాలి. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, విషం. వంటపాత్రలు, వంటింటి త్రాసు వాడొద్దు. నీలం పలుకులు 25 గ్రాములు తూచి పింగాణీ గిన్నెలో సన్నని మంట మీద కలుపుతూ వేడి చేస్తే నీలం పోయి తెల్లటి పొడి అవుతుంది. మరీ మాడ్చొద్దు, నల్లబడిందంటే పాడైనట్టే. చల్లార్చి తూయండి. 16 గ్రాములు ఉండాలి. పోయిన 9 గ్రాములు ఆ పలుకుల్లో ఇరుక్కున్న నీళ్లే.

తెల్ల పొడి 16 గ్రాముల్ని 100 గ్రాముల నీళ్లలో వేయండి. 13, 14 డిగ్రీలు పెరుగుతుంది, మోల్‌కి మైనస్ 66.5 కిలోజౌళ్లు. ఇంకో కప్పులో వేరే 25 గ్రాముల నీలం పలుకుల్ని 91 గ్రాముల నీళ్లలో వేయండి. 9 గ్రాములు పలుకులతో పాటే వస్తున్నాయి కాబట్టి 91. ఇది రెండు డిగ్రీలు పైచిలుకు చల్లబడుతుంది, ప్లస్ 11.7. రెండు కప్పుల్లో చివరికి ఉన్నది ఒకే నీలి ద్రావణం, 116 గ్రాములు. ఒకటి వేడెక్కి అక్కడికి చేరింది, ఒకటి చల్లబడి చేరింది. తెల్ల పొడి నీళ్లు పీల్చి నీలం పలుకు అవ్వడానికి ఎంత ఉష్ణం వెలువడుతుంది? మైనస్ 66.5 లోంచి ప్లస్ 11.7 తీసేయండి. మైనస్ 78.2. నేరుగా కొలవాలంటే అయిదు మోళ్ల నీళ్లు సరిగ్గా ఇచ్చి, అవి మొత్తం పొడికి సమంగా పట్టేలా చూడాలి, అది కుదిరే పని కాదు.

మిగిలినవి పారబోసే ముందు ఆగండి. యూరియా నీళ్లని పెద్ద బకెట్ నీళ్లలో కలిపి చెట్ల మొదట్లో పోయొచ్చు. నిమ్మరసం కప్పు కాలువలో పోసినా ఏమీ కాదు. సున్నం ముద్దని ఎండబెట్టి పెరట్లో గోడ అడుగుకి పూయండి. మైలుతుత్తం నీళ్లు మాత్రం కాలువలో, చెరువు గట్టున పోయకూడదు, చేపలకీ రొయ్యలకీ రాగి విషమే. రెండు కప్పులూ ఒక గాజు పళ్లెంలోకి వంచి, పిల్లలకి అందని చోట నీడన ఆరనిస్తే నీలం పలుకులు తిరిగి వస్తాయి. తూచితే 50 గ్రాములకి దగ్గరగా ఉండాలి. సీసాలో పోసి, విషం అని చీటీ అంటించి, వచ్చే ఏటి తరగతికి దాచండి.